ఆన్‌లైన్‌ల చీరె అమ్మేటోళ్లకు ‘జరిగే లెక్క’ తెల్వాలె

పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక, గట్టుప్పల ఒక దిక్కు. గద్వాల, నారాయణపేట ఇంకో దిక్కు. పాత నల్లగొండ, పాత పాలమూరు జిల్లాలల్ల మగ్గం చప్పుడు ఇంకా వినవడే ఊర్లు ఇవి. నాయిన గుంట మగ్గంల కూసుంటే, కొడుకో బిడ్డో ఫోన్‌ల చీరె ఫొటో పెట్టి అమ్ముడు ఈ ఊర్లల్ల ఇప్పుడు కొత్త ముచ్చట కాదు. షావుకారి గద్దె ముందల నిలబడి ‘ఎంతిస్తవు సేటూ’ అని అడిగేకంటె ఇది నయమే. అండ్ల నాకు అనుమానం లేదు.

కాని షావుకారి కాడ ఒక చిట్టా పుస్తకం ఉన్నట్టే ఆన్‌లైన్ బజార్ల కూడ ఒక చిట్టా ఉన్నది. అమ్మేటోళ్ల యాప్ తెరిస్తే ఒక పేజీ కనవడతది. గత 7 రోజులు, గత 30 రోజులు, గత 60 రోజులు అని రాసి, పక్కన శాతాలు ఉంటయి. మంచిగుంటె పచ్చరంగు, లేకుంటె ఎర్రరంగు. ఆ ఎర్రరంగు చూసి నిద్రపట్టనోళ్లు ఉన్నరు, ఆ పేజీ మొకమే చూడనోళ్లు ఉన్నరు. ఆ అంకె ఎట్ల పుడుతదో తెలిసినోళ్లు మాత్రం తక్కువ. కంపెనీ ఆ అంకెనే చూసి నీ దుకాణం నడవాల్నా మూతవడాల్నా అని తీర్పు చెప్తది. తీర్పు చెప్పేటోని లెక్క మనకు రాకుంటె ఎట్ల?

లెక్క కష్టమైందేం కాదు. ఐదో తరగతి కూడిక, తీసివేత వస్తే చాలు.

పాలకేంద్రం సంగతి అందరికి ఎరుకే. పదిహేను రోజులకోసారి బిల్లు అయితది. ఒకటో తారీఖు నుంచి పదిహేను దాక ఒకటి, పదహారు నుంచి నెలాఖరు దాక ఇంకొకటి. పదహారో తారీఖు పొద్దుగాల లెక్క మళ్ల సున్నా కాడ మొదలైతది. పోయిన బిల్లుల వెన్న తక్కువొచ్చిందంటె ఆ బాధ ఆ బిల్లుతోనే ఖతం. ఇది కట్టలు కట్టిన లెక్క.

జరిగే లెక్క గట్ల కాదు. దాంట్ల సున్నా కాడ మొదలువెట్టుడు అనేదే ఉండది. అది మగ్గం మీది బట్ట లెక్క. నేసిన బట్ట ముందల కర్రకు చుట్టుకుంట పోతది, అవతలి దిక్కు నుంచి పడుగు విప్పుకుంట వస్తది. నేసెటోని కండ్ల ముందల ఎప్పుడూ అంతే కొలత బట్ట ఉంటది. కొత్తగ నాలుగు పోగులు పడితే పాతయి నాలుగు పోగులు కర్రకిందికి పోతయి. కొలత మారది, లోపల ఉన్న బట్ట మారుతది. దీన్నే రోలింగ్ విండో అంటరు. మనం జరిగే కిటికీ అనుకుందాం.

‘గత 30 రోజులు’ అంటె ఈ నెల కాదు, పోయిన నెలా కాదు. నిన్నటి నుంచి ఎనకకు 30 రోజులు. రేపు తెల్లారితే ఒక కొత్త దినం కిటికీ లోపలికి వస్తది, అన్నిటికంటె పాత దినం బయటికి పోతది. ఎల్లుండి మళ్ల అంతే.

చేత్తోని చేసి చూద్దాం. సోమవారం నుంచి ఆదివారం దాక నీకు వచ్చిన ఆర్డర్లు 3, 2, 4, 1, 2, 6, 3 అనుకో. మొత్తం 21. ఏడు రోజులకు పంచితే రోజుకు 3. మల్లా సోమవారం నాడు 8 ఆర్డర్లు వచ్చినయి. ఇప్పుడు ఏడు అంకెలు మళ్ల మొదటి నుంచి కూడుడు ఎందుకు? పోయిన సోమవారం 3 తీసెయ్, ఈ సోమవారం 8 కలుపు. 21ల నుంచి 3 పోతే 18, 8 కలిస్తే 26. ఏడుతోని భాగిస్తే రోజుకు 3.7. పాతది తీసుడు, కొత్తది కలుపుడు. ఈ లెక్కల ఉన్న విద్య మొత్తం ఇంతే. మిగిలినదంత, ఆ వచ్చిన అంకె ఏం చెప్తున్నది, ఏం దాస్తున్నది అని చూసుడు.

రోజు లెక్క పక్కకు పెట్టి ఏడు రోజుల లెక్క చూసుడు ఎందుకంటరా? ఒక్క రోజు అంకెకు నిలకడ ఉండది. కరోనా టైంల, 2020లనో 2021లనో, టీవీలల్ల ‘ఏడు రోజుల సగటు’ అని గీతలు చూపిచ్చిండ్రు, యాదికుండాలె. ఆదివారం నాడు పరీక్షలు తక్కువ అయితే మర్నాడు కేసులు తక్కువ కనవడతుండె. రోగం తగ్గినట్టా? కాదు. ఏడు రోజులు కలిపి చూస్తే ప్రతి కిటికీల ఒక ఆదివారం ఉంటది కాబట్టి ఆ ఎత్తుపల్లం సాపు అయితది. చీరెల బేరం కూడ వారాన్ని బట్టి మారుతది. సెలవు నాడు ఇంట్ల కూసోని చూసేటోళ్లు వేరు, పనిదినం నాడు చూసేటోళ్లు వేరు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉన్నది. సొంత లెక్కకు 30 రోజుల కిటికీ పెట్టుకోకుర్రి, 28 పెట్టుకోర్రి. 28 అంటె సరిగ్గ నాలుగు వారాలు. నాలుగు సోమవారాలు, నాలుగు ఆదివారాలు, ఎప్పుడు చూసినా అంతే. 30ల నాలుగు వారాల మీద రెండు రోజులు ఎక్కువ ఉంటయి. ఆ రెండు రోజులు ఒకసారి శని ఆదివారాలు అయితయి, ఇంకోసారి మంగళ బుధవారాలు అయితయి. బేరంల ఏ మార్పు లేకున్నా అంకె అట్ల ఇట్ల ఊగుతది. కంపెనీ 30 పెట్టుకున్నది కాబట్టి దాని పేజీల 30 చూడక తప్పదు. మన నోటుపుస్తకంల మనిష్టం.

పొట్టి కిటికీ తొందరగ చెప్తది, కాని తొందరగ మోసం కూడ చేస్తది. పొడుగు కిటికీ నిదానం, ఏం జరిగిందో మూడు వారాలకు గని చెప్పది. అందుకే రెండు చూడాలె. ఏడు రోజుల లెక్కల రోజుకు ఎన్ని, ఇరువై ఎనిమిది రోజుల లెక్కల రోజుకు ఎన్ని. మొదటిది రెండోదాన్ని దాటి వారం పైన నిలబడితే బేరం నిజంగ పెరుగుతున్నట్టు. ఒక్క రోజు దాటి మళ్ల పడిపోతే దాన్ని చూసి నూలు కొనకుర్రి.

పోయిన దినం చేసే పని

జరిగే లెక్కల అందరు మర్చిపోయేది ఒకటున్నది. అంకె మారుడుకు కారణం ఇయ్యాల జరిగిన పనే కానక్కరలేదు. కిటికీల నుంచి బయటికి పోయిన పాత దినం కూడ అంకెను మారుస్తది.

క్రికెట్ చూసేటోళ్లకు ఇది తొందరగ సమజైతది. ఐసీసీ టెస్టు ర్యాంకులు కూడ జరిగే కిటికీ మీదనే నడుస్తయి. ఏటా మే నెల వచ్చిందంటె పాత ఏడాది మ్యాచులు లెక్కల నుంచి తీసేస్తరు. 2024 మే మొదట్ల ఇండియా ఒకటో నంబర్ నుంచి రెండుకు దిగింది, ఆస్ట్రేలియా ఒకటికి ఎక్కింది. ఆ వారం ఇండియా ఏ టెస్టు ఓడలే. అసలు ఆడనే లేదు. 2020-21ల ఆస్ట్రేలియాకు పోయి 2-1 తోని గెలిచిన సిరీస్ కిటికీ బయటికి పోయింది, గంతే. గెలుపు ముసలిదై లెక్కల నుంచి రాలిపోయింది.

మన దుకాణంల కూడ గట్లనే అయితది. ఇయ్యాల అమ్మకం బాగనే ఉన్నది, అయినా 28 రోజుల మొత్తం పడింది. ఎందుకు పడ్డదని తల పట్టుకునే ముందు ఇరువై తొమ్మిది రోజుల కింద ఏమున్నదో చూడుర్రి. ఆనాడు ఎవరో పెండ్లికి ఒక్కసారే పదిహేను చీరెలు కొన్నరేమో. ఆ దినం బయటికి పోయింది. పెండ్లి బేరం అసొంటి పెద్ద ఆర్డర్‌ను నేనైతే ఇంకో కాలంల రాసుకోర్రి అంట. రోజువారీ బేరంల దాన్ని కలిపితే వచ్చిన నాడు నువ్వు పులివైతవు, పోయిన నాడు పిల్లివైతవు. నడుమ నువ్వు చేసింది ఏం లేదు.

దీనికంటె గట్టి దెబ్బ దసరా ఎనక తాకుతది. ఒక ఇల్లు అనుకుందాం. దసరా ముందటి 30 రోజులల్ల 120 ఆర్డర్లు వచ్చినయి. బతుకమ్మ వారంల కొరియర్ దొరకక నాలుగు చీరెలు ఆలస్యంగ పోయినయి. 120కి 4 అంటె 3.3 శాతం. అమెజాన్ ఆలస్యానికి పెట్టుకున్న హద్దు 4 శాతం. హద్దు లోపలే ఉన్నం, పచ్చరంగే. పండుగ అయిపోయింది. బేరం సల్లవడ్డది. పదిహేను రోజుల తర్వాత చూస్తే కిటికీల ఉన్న ఆర్డర్లు 80. ఆలస్యమైన నాలుగు మాత్రం ఇంకా లోపలే ఉన్నయి. 80కి 4 అంటె 5 శాతం. ఎర్రరంగు.

కొత్త తప్పు ఒక్కటి జరగలే. పండుగ ఎనక పంపిన ప్రతి చీరె టైంకు పోయింది. అయినా అంకె చెడిపోయింది, ఎందుకంటె కింద భాగించే సంఖ్య కరిగిపోయింది. ఇంకో పది, పన్నెండు రోజులు ఆగితే ఆ నాలుగు బయటికి పోయి శాతం సున్నా అయితది. అప్పుడు కూడ మనం కొత్తగ చేసిన ఘనకార్యం ఏం లేదు. అందుకే శాతాన్ని ఒక్కదాన్నే చూడొద్దు. పైన ఎన్ని, కింద ఎన్ని, రెండూ రాసుకోవాలె. ‘5 శాతం’ అని కాదు, ‘80కి 4, నాలుగూ బతుకమ్మ వారంలయే’ అని. రెండో మాటల ఉన్న నిజం మొదటి మాటల లేదు.

సొంత నోటుపుస్తకం

కంపెనీ పేజీ కంపెనీకి కావలసింది చూపిస్తది. మగ్గానికి కావలసింది అది చూపియ్యది. దానికి మన లెక్క మనమే పెట్టుకోవాలె. ఫోన్‌ల గూగుల్ షీట్స్ ఉంటె చాలు. ఒక కాలంల తారీఖు, ఇంకోదాంట్ల ఆర్డర్లు, ఇంకోదాంట్ల ఎన్ని చీరెలు చేతిల ఉన్నయి, ఆఖరుకు ఎన్ని తిరిగొచ్చినయి. ఏడో రోజు కాడ సమ్ ఫార్ములా పెట్టి పైన ఏడు గడులు చూపిచ్చి కిందికి గుంజితే, జరిగే లెక్క దానంతట అదే వస్తది.

ఒక్క జాగ్రత్త. ఆర్డర్ రాని దినం కూడ తారీఖు వేసి సున్నా రాయాలె. ఆర్డర్లు వచ్చిన దినాలే రాసుకుంట పోతే ఏడు గడులు అంటె ఏడు రోజులు కాదు, పదిహేను రోజులు కూడ కావచ్చు. మనోళ్లు ఎక్కువ చేసేది ఇదే. సున్నా రాసుడంటె మనసొప్పది.

అయితే సున్నాలు రెండు రకాలు. కొనేటోడు రాక వచ్చిన సున్నా ఒకటి, అమ్మనీకి చీరె లేక వచ్చిన సున్నా ఇంకొకటి. ఫ్యాక్టరీ సరుకు అమ్మేటోనికి ఈ రెండోది అరుదు. మనకు అదే ఎక్కువ. నారాయణపేటల ఒక్కసారి పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరెలు దిగుతయి. పోచంపల్లి దిక్కు పట్టు చీరెలకు ఏడెనిమిదింటికి ఒక పడుగు, అవి నేసి దించుతాంటె నెల, నెలన్నర పడతది. ఆసు పోసుడంటె ఒక్కో చీరెకు చెయ్యి వేలసార్లు అటు ఇటు తిప్పాలె. ఆ నొప్పిని తల్లి భుజం మీద చూసి ఆసు యంత్రం చేసిన శారాజీపేట చింతకింది మల్లేశంకు 2017ల పద్మశ్రీ వచ్చింది. ఆసు అయితే తొందరైంది. చిటికి కట్టుడు, రంగుల ముంచుడు, నేసుడు మాత్రం ఇంకా చేతి మీదనే. అంటె మన సరుకు వాన లెక్క వస్తది. వచ్చినప్పుడు ఎనిమిది, లేనప్పుడు ఒక్కటి లేదు.

28 రోజులల్ల 14 చీరెలు అమ్ముడువోయినయి అనుకో. రోజుకు సగం చీరె అని రాసుకుంటవు. కాని ఆ 28ల 14 రోజులు నీ దగ్గర చూపించ చీరెనే లేదు. సరుకు ఉన్న 14 రోజులల్ల 14 అమ్ముడువోయినయి. అంటె రోజుకు ఒకటి. గిరాకి నువ్వు అనుకున్నదానికి రెండింతలు ఉన్నది. సగం చీరె లెక్క పట్టుకోని ‘ఈ రంగు పోతలేదు నాయినా, వేరేది ఎక్కించు’ అని చెప్తే, పోతున్న రంగును చేజేతుల ఆపినట్టు. కాబట్టి మగ్గం ఇంట్ల లెక్కకు భాగించాల్సింది క్యాలెండర్ దినాలతోని కాదు, సరుకు ఉన్న దినాలతోని.

తిరిగొచ్చే చీరెల లెక్క ఇంకో తీరు మోసం చేస్తది. ఇయ్యాల పోయిన చీరె కొనేటోళ్ల ఇంటికి చేరనీకి నాలుగైదు రోజులు, వాళ్లు వద్దనుకోనీకి కొన్ని రోజులు, అది మళ్ల మన ఊరికి చేరనీకి ఇంకో వారం. అందుకే గత 28 రోజుల ఆర్డర్లల్ల తిరిగొచ్చినయి ఎప్పుడు చూసినా తక్కువే కనవడతయి. అవి తక్కువ కాదు, ఇంకా తొవ్వల ఉన్నయి. నలబైకి రెండే తిరిగొచ్చినయని సంబురపడతవు. మూడు వారాల కింద ముగిసిన 28 రోజులు తీసి చూస్తే, ఆ నలబైల ఆరు తిరిగొచ్చి ఉంటయి. 5 శాతం ఎక్కడ, 15 శాతం ఎక్కడ! ధర పెట్టేటప్పుడు వేసుకోవాల్సింది ఆ 15. రాను పోను కొరియర్ ఖర్చు దాని మీదనే ఉంటది. తిరుగుడు లెక్కకు కిటికీని మూడు వారాలు ఎనకకు జరిపి చూడాలె. పచ్చి పండును తెంపి తియ్యగ లేదంటె ఎట్ల, మాగనియ్యాలె.

ఇగ పండుగ సంగతి. పోయినేడు అక్టోబర్ల ఎంత, ఈ అక్టోబర్ల ఎంత అని పోల్చుకునేటోళ్లు ఉన్నరు. 2024ల దసరా అక్టోబర్ 12న వచ్చింది. 2025ల అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడే పడ్డది. ముక్క, సుక్క కాడ ఎంత పరేషాన్ అయిందో అందరికి యాదికే ఉన్నది. పండుగ చీరె పండుగకు ముందు కొంటరు గని ఎనక కొనరు కదా. 2024ల ఆ ముందటి దినాలు పదకొండు అక్టోబర్ల ఉండె. 2025ల ఒక్కటే దినం అక్టోబర్ల, మిగిలిన బేరమంత సెప్టెంబర్ల. అక్టోబర్‌ను అక్టోబర్‌తోని పోలిస్తే దుకాణం కూలినట్టు కనవడతది, సెప్టెంబర్‌ను పోలిస్తే లాటరీ తగిలినట్టు కనవడతది. రెండూ అబద్ధమే. 2026ల అధిక జ్యేష్ఠం ఉన్నది కాబట్టి పండుగ మళ్ల అక్టోబర్ నడిమికి జరుగుతది, మళ్ల ఇదే గడబిడ. దీనికి మందు సులువు. కిటికీని నెలకు కాదు, పండుగకు కట్టాలె. సద్దుల బతుకమ్మ నాటికి ముగిసే 28 రోజులు, ప్రతి ఏడు. ఉగాదికి అట్లనే, శ్రావణమాసం పెండ్లిళ్లకు అట్లనే. మన బేరం పంచాంగంతోని నడుస్తది. ఇంగ్లీషు నెలలతోని కొలిస్తే సరిగ్గ రాదు.

ఒకటే గజంబద్ద, ఇద్దరికి

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్త. సొంత నోటుపుస్తకం ఎంత మంచిగ పెట్టుకున్నా తీర్పు చెప్పేది కంపెనీ కిటికీనే.

అమెజాన్‌ల అమ్మేటోళ్లకు ఉండే పెద్ద కొలతలు ఇవి. ఆర్డర్ లోపాల శాతం అని ఒకటి. ఒకటి, రెండు చుక్కల ఫీడ్‌బ్యాక్, కొనేటోళ్లు పైసలు వాపస్ ఇమ్మని కంపెనీకి పెట్టే ఫిర్యాదులు అన్ని దాంట్ల వస్తయి. దీనికి 60 రోజుల కిటికీ, 1 శాతం కంటె తక్కువ ఉండాలె. మనమే ఆర్డర్ రద్దు చేస్తే దానికి 7 రోజుల కిటికీ, 2.5 శాతం కంటె తక్కువ. ఆలస్యంగ పంపుడుకు 10 రోజులు, 30 రోజులు రెండు కిటికీలు, 4 శాతం కంటె తక్కువ. హద్దులు ఎప్పుడన్న మారుస్తరు కాబట్టి మీ అకౌంట్ పేజీల నెలకోసారి చూసుకోర్రి.

వినంగనే న్యాయంగనే అనిపిస్తది. నూటికి ఒకటి కంటె తక్కువ తప్పులు ఉండాలంటె తప్పేంది? తప్పు ఆ నూరుల ఉన్నది. 60 రోజులల్ల నీవి 40 చీరెలు పోయినయి. ఒక్కరు కోపం చేసి ఒక్క చుక్క ఇచ్చిండ్రు. 40కి 1 అంటె 2.5 శాతం. హద్దుకు రెండున్నర రెట్లు. నీకు దక్కిన తప్పుల కోటా ఎంత అంటె, సున్నా. ఒక్క ఫిర్యాదు వచ్చినా 1 శాతం లోపల ఉండాలంటె 60 రోజులల్ల కనీసం 101 ఆర్డర్లు పోవాలె. పట్టు చీరెకు ఒక మగ్గం మీద రెండు నెలలకు పది, పన్నెండు దిగుతయనుకుంటె, తొమ్మిది నుంచి పదకొండు మగ్గాలు ఒక్కరోజు ఆగకుండ ఆడాలె. ఒక ఇంటికి ఒకటో రెండో మగ్గాలు ఉండే ఊర్లల్ల ఇది అయ్యే పనేనా?

అటు దిక్కు చూడుర్రి. పవర్‌లూం మీద నేసి పోచంపల్లి డిజైన్ అచ్చువేసిన బట్టను గోదాం నిండ పెట్టుకోని రెండు నెలల్ల పదివేలు అమ్మేటోడు ఉంటడు. వానికి 99 మంది ఒక్కో చుక్క ఇచ్చినా శాతం 0.99. పచ్చరంగే. పోచంపల్లి ఇక్కత్‌కు 2005ల జీఐ గుర్తింపు వచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020ల వచ్చింది. పేరుకు చట్టం కాపలా ఉన్నది. కాని వెతికితే వచ్చే పేజీల అచ్చు చీరె, నేత చీరె పక్కపక్కనే నిలబడతయి, రెండిటికి ఒకటే కిటికీ, ఒకటే హద్దు.

పైగా నేత చీరెకు వచ్చే ఫిర్యాదుల్ల కొన్ని ఫిర్యాదులే కావు. చిటికి కట్టి రంగువేసిన పూవు అంచు కొంచెం చెదిరినట్టు ఉంటది. అది ఇక్కత్ గుణం. చెదరకుండ గీత కొట్టినట్టున్నదంటె అది అచ్చు అని అనుమానపడాలె. తెల్వనోళ్లు దాన్ని డ్యామేజ్ అనుకోని చుక్కలు కోస్తరు. గద్వాల చీరెల నూలు ఒళ్లును, పట్టు అంచును అతికిన కాడ చిన్న గీటు కనవడితే ‘అతుకు ఉన్నది’ అని వాపస్ పంపినట్టే ఇది. ఫొటోల పక్కన ఈ సంగతి తెలుగులనో హిందీలనో రెండు వాక్యాలు రాయుడు మన చేతిల ఉన్న పని. 40 ఆర్డర్ల ఇంటికి ఒక్క ఫిర్యాదు తప్పినా అది 2.5 శాతం తప్పినట్టు.

ఇంకో తీరుగ చేయొచ్చా అంటె, చేసేటోళ్లు ఉన్నరు. ఇ-బే అనే అమెరికా బజారుల గత మూడు నెలల్ల 400, ఆపైన అమ్మకాలు ఉన్నోళ్లకు మూడు నెలల కిటికీ పెడతరు. 400 కంటె తక్కువ ఉన్నోళ్లకు 12 నెలల కిటికీ. చిన్నోనికి పొడుగు కిటికీ, పెద్దోనికి పొట్టి కిటికీ. అంతేకాదు, ఒకట్రెండు ఫిర్యాదులకే స్థాయి పడిపోకుండ కనీసం ఇంతమంది కొనేటోళ్లు ఫిర్యాదు చేస్తేనే లెక్కకు తీసుకుంటం అని ఒక సంఖ్య కూడ ఉన్నది. దయ తలిచి చేసింది కాదు ఇది. తక్కువ అంకెల మీద తీసిన శాతం నమ్మదగ్గది కాదని లెక్క తెలిసిన ఎవడైనా ఒప్పుకుంటడు. రెండు నెలల్ల 40 అమ్మే ఇల్లు ఏడాదికి 240 అమ్ముతది. 240కి 1 అంటె 0.4 శాతం. అదే ఇల్లు, అదే చీరె, అదే ఒక్క ఫిర్యాదు. 60 రోజుల కిటికీల దొంగ, 12 నెలల కిటికీల దొర.

కాబట్టి చేనేత సొసైటీలు, సంఘాలు కంపెనీలతోని కూసున్నప్పుడు కమీషన్ తగ్గించమని ఒక్కటే అడుగుడు చాలది. చేనేత అని ధ్రువీకరణ ఉన్న అమ్మకందారుకు 12 నెలల కిటికీ పెట్టమని అడగాలె, తక్కువ ఆర్డర్లు ఉన్న కాడ శాతం కాదు సంఖ్య చూడమని అడగాలె. కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబర్ చివర్ల ఓఎన్‌డీసీ అని సంస్థ పెట్టి చిన్న దుకాణాలకే అని చెప్పింది. మరి అండ్ల కూడ ఇదే మాట అడగాలె. చేనేత దినోత్సవం అని ఆగస్టు 7న స్టేజీల మీద శాలువాలు కప్పుతున్న నాయకులకు ఈ సంగతి ఎవరు చెప్పిండ్రు? మనం రాసియ్యకుంటె వాళ్లకు తెల్వది.

అప్పటిదాక మన ఇంట్ల చేసుకునేటివి కొన్ని ఉన్నయి. మగ్గం మీద ఉన్న చీరెను అమ్మకానికి పెట్టకుర్రి, దించి మడత పెట్టినంకనే పెట్టుర్రి. రద్దు శాతం చూసే 7 రోజుల కిటికీ చానా కర్కశమైంది. అండ్ల పది ఆర్డర్లు ఉంటె ఒక్క రద్దుకే 10 శాతం అయితది. పంపనీకి ఎన్ని రోజులు కావాల్నో అమ్మేటోళ్లే పెట్టుకునే వీలు ఉంటది. ఒక్క రోజు అని గొప్పకు పెట్టకుండ, మీ ఊరికి కొరియర్ ఎన్ని రోజులకోసారి వస్తడో అది చూసి పెట్టుర్రి. సద్దుల బతుకమ్మ నుంచి దసరా దాక ఇంట్ల ఎవరు ప్యాకింగ్ చెయ్యరని తెలుసు కదా, ఆ నాలుగు రోజులు సెలవు మోడ్‌ల పెట్టుర్రి. ఆ నాలుగు రోజుల బేరం పోతే పోయింది, నెలరోజులు ఎర్రరంగు మోసుడు తప్పుతది.

ఒకవేళ నోటీసు వచ్చిందే అనుకో. ఏడ్సుకుంట ‘మేము పేదోళ్లం సార్’ అని రాయకుర్రి, అవతల చదివేటోనికి అది పట్టది. వాళ్లు చూసేవి మూడు: ఎందుకైంది, ఏం సరిచేసినవు, మళ్ల కాకుండ ఏం చేస్తున్నవు. మీ నోటుపుస్తకం అప్పుడు పనికొస్తది. ‘60 రోజులల్ల 40 ఆర్డర్లు, ఫిర్యాదు ఒక్కటి, ఫలానా తారీఖుది, రంగు తేడా గురించి. ఆ చీరెకు పగటి వెలుతుర్ల కొత్త ఫొటో పెట్టినం. అంతకుముందు 12 నెలల్ల 240 ఆర్డర్లకు ఫిర్యాదు లేదు. ఈ ఫిర్యాదు ఉన్న దినం ఫలానా తారీఖు నాడు కిటికీ దాటి పోతది.’ ఇట్ల రాయుర్రి. ఆ తారీఖు ఏందో లెక్కపెట్టుడు ఇప్పుడు మీకొచ్చు: ఆర్డర్ వచ్చిన దినానికి అరవై ఒకటి కలపాలె.